దేవుడి గదిలో సర్వర్

పోయిన వారం లోవరాజును సైనిక్‌పురిలో వరహాలబాబు ఇంటి గేటు ముందు స్కూటరుకు స్టాండు వేస్తుండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా ముసురులో ఆ స్టాండే వేస్తున్నాడు. ఇక లోపలికి పంపుదాం.

కొత్తగా చేరినవాళ్ళకు నాలుగు ముక్కలు చెబితే చాలు. ఇది రెండువేల సంవత్సరం, శ్రావణమాసం. సికింద్రాబాద్‌లో మేడకో సాఫ్ట్‌వేర్ బోర్డు, సందుకో కోచింగ్ సెంటరు మొలిచిన రోజులు. తుని పక్క పల్లె నుంచి వచ్చి, బేగంపేటలో ఇన్సూరెన్స్ ఉద్యోగం చేసుకుంటున్న వరహాలబాబుకూ ఆ గాలి సోకింది. ఉద్యోగం మానేశాడు. సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ కర్నలుగారి మేడ అద్దెకు తీసుకుని పైన కాపురం, కింద ఆఫీసు పెట్టాడు. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు తెల్లారేసరికి ఇక్కడికి వచ్చి చేరతాయి. నలభై మంది అమ్మాయిలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అవి విని, టైపు చేసి, సాయంత్రానికల్లా తిప్పి పంపాలి. ఒక్క పూట ఆలస్యమైతే అవతలి ఆసుపత్రి ఊరుకోదు.

ఆ మాటలు వచ్చి చేరే మిషనునే సర్వర్ అంటారు. దాన్ని పెట్టినవాడు లోవరాజు. అతనిదీ తునే. పార్క్‌లేన్‌లో ఒక షాపులో ఆరేళ్ళు కంప్యూటర్లు బిగించి, నెల కిందట సొంతంగా బయటికొచ్చాడు. ఆషాఢంలో ఎవడైనా కొత్త పని మొదలెడతాడా అని నలుగురూ అన్నా వినలేదు. వరహాలబాబు ఆఫీసే అతని మొదటి పని. పెద్ద కంపెనీ పెట్టె అక్కర్లేదు, చిన్న మిషన్లు రెండు చాలని ఒప్పించి మరీ పెట్టాడు. పెట్టిన నెలలోనే సర్వర్ వరసగా రెండు శుక్రవారాలు ఆగిపోయింది. రెండోసారి అమ్మాయిలందరి ముందూ రోషానికి పోయి ఒక మాట అనేశాడు. మూడోసారి ఆగితే నేనే దీన్ని భుజాన వేసుకుని పోతాను, మళ్ళీ ఈ గేటు తొక్కను, అని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోటికి రోషం ఎక్కువైతే ఊళ్ళో పని దొరకదని కూడా అని ఉండాల్సింది. ఎందుకంటే ఈవేళ మూడో శుక్రవారం. పొద్దున తొమ్మిదిన్నరకు ఫోను వచ్చింది. మళ్ళీ ఆగిపోయింది.

హాల్లో కీబోర్డుల చప్పుడు లేదు. అమ్మాయిలు హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని కూర్చున్నారు. పెళ్ళి చెడిపోయాక వచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్యను చూసినట్టు లోవరాజును ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నారు. మూల బల్ల దగ్గర వరహాలబాబు, అతని ఎదురుగా తెల్లచొక్కా, టై కట్టుకున్న ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయన రిచర్డ్. బేగంపేటలో పెద్ద సర్వర్లు అమ్మే డీలరు. మనిషి చెడ్డవాడు కాదు, అబద్ధాలాడడు. తను అమ్మే పెట్టె చాలా పెద్దది, లోకంలో ఏ రోగానికైనా ఆ పెట్టే మందు అని మనస్ఫూర్తిగా నమ్ముతాడు, అంతే. బల్ల మీద ఆర్డరు కాగితాలు పరిచి ఉన్నాయి. వరహాలబాబు చేతిలో పెన్ను మూత తీసి ఉంది.

రిచర్డ్ లోవరాజుకు కుర్చీ చూపించి, చాలా మర్యాదగా తన వాదన చెప్పాడు. ఇలాంటి పనికి రెండు ప్రాసెసర్లుండాలి, అయిదు ఫ్యాన్లుండాలి, బీరువాలా తాళం పడే పెట్టె ఉండాలి. ఇక్కడ శుక్రవారం వచ్చి చేరేది అక్కడి గురువారం పని. గురువారం అక్కడి ఆసుపత్రుల్లో ఆపరేషన్లు ఎక్కువ, డాక్టర్ల మాటలూ ఎక్కువ. ఆ బరువుకు చిన్న మిషను కూలబడుతోంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, గాడిద బరువు గుర్రం మోస్తుందా అన్నాడు. సామెత తిరగబడిందని హాల్లో ఒకమ్మాయి కిసుక్కుమంది. రిచర్డ్ కూడా నవ్వేశాడు.

లోవరాజు నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ గురువారం లెక్క అతనికీ తోచింది. తోచి, పోయిన శుక్రవారం మిషను తిరిగి లేచాక సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చుని చూశాడు. నలభై మందీ ఒకేసారి వింటున్నా ప్రాసెసర్ నూటికి అయిదు పాళ్ళు కూడా పని చెయ్యలేదు. మిగతా తొంభై అయిదు పాళ్ళూ గుళ్ళో ధ్వజస్తంభంలా ఊరికే నిలబడి ఉన్నాయి. ఆ సంగతే చెప్పాడు.

"బయటినుంచి మనకొచ్చే లైను సన్నది రిచర్డ్ గారూ. సన్న పంపు కింద బిందె పెట్టినా, గంగాళం పెట్టినా నీళ్ళు అన్నే వస్తాయి. ఈ పనికి ప్రాసెసర్ పెద్దది అక్కర్లేదు. అందుకే అక్కడ తగ్గించాను. తగ్గించకూడని చోట తగ్గించలేదు."

తగ్గించని వాటిని ఏకరువు పెట్టాడు. మెమరీ అడిగినదానికి రెట్టింపు వేశాడు. హార్డ్ డిస్కులు రెండు పెట్టి ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా పడేలా చేశాడు. ఒకటి చచ్చినా రెండోది బతికుంటుంది. నెట్‌వర్క్ కార్డు మంచిది, మిషనుకు కరెంటు అందించే పెట్టె అన్నిటికన్నా మంచిది, కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ. చిన్న సర్వర్ అంటే నాసిరకం సర్వర్ కాదు. గంతకు తగ్గ బొంత అని ఎగతాళికి అంటారు గానీ, గంతకు తగని బొంత వేస్తే గాడిద కిందపడుతుందని అతని నమ్మకం.

రిచర్డ్ అంతా విని తలూపాడు. తరవాత ఎలాంటి వెటకారమూ లేకుండా ఒకటే అడిగాడు.

"అంతా కరెక్టే బ్రదర్. మరి ఎందుకు ఆగింది?"

రెండు శుక్రవారాలుగా లోవరాజు తనను తానే అడుగుతున్న ప్రశ్న అది. మొదటిసారి మెమరీ మార్చాడు. రెండోసారి ఫ్యాను మార్చాడు. రెండుసార్లూ అతను వచ్చేలోపు మిషను చల్లగా, బుద్ధిగా కూర్చుని ఉంది. మీట నొక్కగానే లేచింది. దొంగజ్వరం వచ్చిన పిల్లాడిలా, డాక్టరు ఎదుట ఏమీ లేనట్టు ఉంది.

వరహాలబాబు పెన్ను కింద పెట్టి, చాలా మెత్తగా అన్నాడు. ఇక ఇప్పుడు విప్పడాలూ బిగించడాలూ ఎందుకు లోవరాజూ, ఒక ఊరివాళ్ళం, మన మధ్య మాటా మాటా ఎందుకు, నువ్వన్న మాటే కదా, తీసుకెళ్ళిపో, ఆటో పిలిపిస్తాను. ఊరి వరసకు వరహాలబాబు అతనికి బావ అవుతాడు. ఆ మెత్తదనం లోవరాజుకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఇవాళ ఈ గేటు దాటితే రేపటికల్లా పార్క్‌లేన్ అంతా తెలిసిపోతుంది. లోవరాజు చిన్న మిషన్లు మూడు వారాలు కూడా నిలవవట అని షాపుషాపుకూ పాకుతుంది. రెండో పని ఎవడిస్తాడు?

"తీసుకెళ్తాను బావగారూ. ఎందుకు ఆగిందో చూసుకుని తీసుకెళ్తాను. రోగమేంటో తెలీకుండా మోసుకెళ్ళి ఏం చేసుకోను?"

వరహాలబాబు ఏదో అనబోయాడు. రిచర్డే అడ్డం వచ్చి, పోనివ్వండి, ఒక గంటలో ఏం పోతుంది, నాకూ తెలుసుకోవాలనే ఉంది అన్నాడు. అమ్మేవాడే అలా అన్నాక కొనేవాడు కాదనలేకపోయాడు.

సర్వర్ ఉన్నది హాలు వెనక ఈశాన్యం మూల గదిలో. కర్నలుగారి భార్య కట్టించుకున్న దేవుడి గది అది. అన్నం పెట్టేది ఈశాన్యంలోనే ఉండాలని వరహాలబాబు పట్టుబట్టాడు. కిటికీ లేని గది వద్దని లోవరాజు మొత్తుకున్నాడు. చివరికి గోడకు పైన కన్నం పెట్టి గాలి లాగే ఫ్యాను బిగించి, మిషను వీపు గుమ్మం వైపు ఉండేలా బల్ల మీద పెట్టి, వెనకాల జానెడు మేర ఏమీ పెట్టొద్దని అందరికీ చెప్పాడు. వేడి గాలి వచ్చేది వెనకనుంచే. చిన్న మిషనుకు అంతకు మించి సేవలేమీ అక్కర్లేదు. కాస్త గాలి ఇస్తే ఏళ్ళ తరబడి పడి ఉంటుంది.

అమ్మాయిలకు పెద్ద ప్రిసిల్లా తన తాళం చెవితో గది తీసింది. మెట్టుగూడ మనిషి, రైల్వే ఉద్యోగి కూతురు. ఇంతకుముందు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. మామూలుగా గది తీసి వెళ్ళిపోతుంది. ఈవేళ వెళ్ళలేదు, గుమ్మం బయటే నిలబడింది.

లోవరాజు లైటు వేశాడు. మిషను వీపు మీద పసుపు రాసి ఉంది. పసుపు మధ్య కుంకుమ బొట్టు. రెండు మూలల మరలకు తగిలించి, రెండు పేటలుగా వేసిన బంతిపూల దండ, సరిగ్గా గాలి బయటికి వచ్చే జల్లెడకు అడ్డంగా వేలాడుతోంది.

రేకు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసుకున్నాడు. పెనంలా ఉంది. దండ తీసి చూస్తే తడి పూరేకలు జల్లెడలోంచి లోపలికి పోయి ఫ్యాను రెక్కల్లో ఇరుక్కున్నాయి. రెక్క తిరగడం లేదు. మంచి కరెంటు పెట్టె కాబట్టి కాలిపోకుండా, వేడి హద్దు దాటగానే తనంతట తాను ఆగింది. అదే నాసిరకానిదైతే ఈపాటికి గదే అంటుకునేది. బల్ల కింద బయటి లైను చూసుకునే రెండో మిషను ఉంది. ఎనిమిదేళ్ళ నాటి పాత సరుకు, రిచర్డ్ చూస్తే ముక్కు మూసుకునే రకం. అది ఒక్కనాడూ ఆగలేదు. దానికి ఎవరూ దండ వెయ్యలేదు మరి.

లోవరాజుకు ముందు కోపం రాలేదు. సిగ్గేసింది. మెమరీ మార్చాడు, ఫ్యాను మార్చాడు, రాత్రుళ్ళు పుస్తకాలు తిరగేశాడు. శుక్రవారం శుక్రవారం అని గింజుకున్నాడే గానీ, శ్రావణ శుక్రవారం అని ఒక్కసారి అనుకోలేదు. మెట్టుగూడ గదిలో ఒంటరిగా ఉండి, కర్రీ పాయింటు కూరలు తినే బ్రహ్మచారికి శ్రావణమేమిటి, భాద్రపదమేమిటి.

"ముందు రెండుసార్లూ ఇలాగే ఉందా ప్రిసిల్లా గారూ?"

"ఉండె. మీరొస్తున్నరని తెల్వగానే కనకలక్ష్మిగారు దిగొచ్చి పసుపు తుడిచి, దండ తీసేసేవారు. దేవుడి పూలు కాళ్ళ కింద పడొద్దని."

కనకలక్ష్మి వరహాలబాబు భార్య. ప్రతి శుక్రవారం తెల్లవారుజామునే, అమ్మాయిలు రాకముందు, ఈ గదిలో దీపం పెట్టి వెళ్తుంది. ఆషాఢంలో అగరొత్తీ, పువ్వూ పెట్టి ఊరుకుంది. శ్రావణం రాగానే దండ వేసింది. రెండో శుక్రవారం వరలక్ష్మీవ్రతం, ఇంకా పెద్ద దండ. ప్రిసిల్లా చెబుతుంటే లోవరాజుకు ఒక్కొక్కటే అతుక్కుంటూ వచ్చింది. ఒకటి మాత్రం అర్థం కాలేదు. దండ వెయ్యాలంటే ముందువైపు వెయ్యాలి గానీ వీపుకు ఎందుకు వేసింది?

ప్రిసిల్లా మిషను వైపు గడ్డంతో చూపించింది. నెట్‌వర్క్ కార్డు దగ్గర రెండు చిన్న దీపాలుంటాయి, మిషను నడుస్తున్నంతసేపూ టపటపా ఆరి వెలుగుతుంటాయి. అవి ఉన్నది వెనకవైపే. కళ్ళు ఆర్పేది ఎటో మొహం అటే అనుకుంది కనకలక్ష్మి. ముందువైపు ఉత్త మూసిన రేకు, గోడకు తిరిగి ఉంది.

"ఇంత తెలిసీ నాకు చెప్పలేదేంటండీ?" అన్నాడు లోవరాజు. నిష్ఠూరం దాచుకోలేదు.

ప్రిసిల్లా గుమ్మం దాటకుండానే జవాబు చెప్పింది. "నా పేరు ప్రిసిల్లా అండీ. నేను పోయి, ఆ దండ తియ్యండి, మిషన్ పాడైతది అంటే ఎట్లుంటది? మిషన్ మాట ఎవరికీ యాదుండదు, నేనన్న మాటే ఉంటది. ఇక్కడ సగం మంది మా చర్చి పిల్లలే, వాళ్ళకు సుత పరేషాన్. అందుకే డైరెక్ట్‌గా ఆమెతోని అనలే."

లోవరాజు తలూపాడు. తను అదే చోట ఉంటే తనూ అదే చేసేవాడు. పాత టూత్‌బ్రష్ తీసి రెక్కల్లో రేకలన్నీ ఊడ్చాడు. టేబుల్ ఫ్యాను తెచ్చి రేకు చల్లారేదాకా గాలి పట్టి, మీట నొక్కాడు. లేచింది. అర్ధంతరంగా ఆగిపోయిన మిషను లేచాక తన డిస్కులు తనే సరిచూసుకుంటుంది. దానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

ఆ ఇరవై నిమిషాల్లో లోవరాజు ఒకటి తేల్చుకోవాలి. హాల్లోకి వెళ్ళి ఈ దండ చూపిస్తే చాలు, మిషనులో ఏ లోపమూ లేదని నలభై మంది ముందు, రిచర్డ్ ముందు రుజువవుతుంది. అతని మాట నిలబడుతుంది. కానీ అదే నోటితో, ఈ ఇంటి ఇల్లాలి పూజ వల్లే పని చెడిందని చెప్పాలి. కనకలక్ష్మి ఎవరు? హైదరాబాద్ వచ్చిన కొత్తలో, బేగంపేట ఇంట్లో, ప్రతి పండక్కీ పిలిచి విస్తరి వేసిన మనిషి. జ్వరమొస్తే ఫ్లాస్కులో జావ పంపిన మనిషి. ఆవిణ్ణి బజారుకీడ్చి తను గెలవడమా? అలా గెలవడం అతనికి ఇష్టం లేదు. ముందు ఆవిడకే చెప్పి, ఆవిడ నోటితోనే చెప్పిస్తే పరువు ఇద్దరికీ దక్కుతుంది అనుకున్నాడు. దండను న్యూస్‌పేపర్లో చుట్టి, వెనక మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

కనకలక్ష్మి వరండాలో చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏటి తమ్ముడూ, ఇలా వొచ్చేవు? కింద మళ్ళీ ఆగిపోయిందంట కదా. కూకో. టీ పెడతాను."

టీ వద్దన్నాడు. గోడకు ఆనుకుని కూర్చుని, తడబడుతూనే అంతా చెప్పాడు. మిషనుకు ఊపిరి వెనకనుంచని, ఆ కళ్ళలాంటి దీపాలు నిజానికి వీపు మీద ఉన్నాయని, పూలదండ తడి వల్ల, అడ్డం వల్ల లోపల వేడెక్కి ఆగుతోందని. ఎక్కడా నీ తప్పు అనకుండా చెప్పడానికి నానా తంటాలూ పడ్డాడు. అంత తంటాలు పడితే ఎవరికైనా అది తమ తప్పేనని తెలిసిపోతుంది. కనకలక్ష్మి చేట పక్కన పెట్టేసింది. కళ్ళు నీళ్ళు తిరిగాయి.

"అదేటి తమ్ముడూ. ఆ పిల్లలందరి అన్నం దానిమీదే ఉందని, చల్లగా ఉండాలని దండం పెట్టుకున్నాను. నా చేతుల్తోటే ఊపిరాడకుండా చేసేనా?"

నువ్వు మంచే తలచావక్కా, చెప్పనిది నేను, పూజ చేసేవాళ్ళకు ముందు వీపెటో మొహమెటో చూపించి ఉండాల్సింది అన్నాడు. అది ఊరడింపు మాట కాదు, నిజంగానే అలా అనిపించింది. మెమరీ గురించి, డిస్కుల గురించి అందరికీ చెప్పాడు. ఆ ఇంట్లో ఆ మిషనును అందరికంటే ఎక్కువ గౌరవంగా చూసుకునే మనిషికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సరే, నేనే కిందికొచ్చి మీ బావతోటీ ఆ టై ఆయనతోటీ చెబుతాను, నీ మాట పోనివ్వను అంది. లోవరాజు గుండెల మీద బరువు దిగిపోయింది. ఫ్యానులో పూలు ఎలా చిక్కుకున్నాయో చూపిద్దామని న్యూస్‌పేపరు విప్పి, దండ ఆవిడ ముందుకు చాచాడు.

కనకలక్ష్మి చాప మీంచి లేచి వెనక్కి జరిగింది.

"ఇటు తేకు తమ్ముడూ. నాను ముట్టుకోకూడదు."

ఎందుకక్కా అన్నాడు లోవరాజు, దండ వెనక్కి తీసుకుంటూ.

"మాకు మైల కదా. మంగళవారం మా పెదమావగారి కొడుకు తునిలో పోయేరు. పది రోజులు. కింద ఎవరికీ చెప్పొద్దన్నారు మీ బావ, ఆఫీసు పిల్లలకెందుకని. దీపం లేదు, పూజ లేదు." ఆవిడ దండను తేరిపార చూసింది. "అయినా ఇది నా దండ కాదు. నాను అరటినారతో కడతాను. ఇది దారంతో కట్టింది, బజారుది. ఇవాళ నాను కిందికే దిగలేదు. ఎవరేసేరు దీన్ని?"

అప్పటికి గానీ లోవరాజుకు తట్టలేదు. ముందు రెండుసార్లూ అతను వచ్చేసరికి దండ లేదు, ఆవిడ దిగొచ్చి తీసేసేది కాబట్టి. ఈసారి దండ కంటబడిందంటేనే, తీసే మనిషి దిగలేదన్నమాట.

గది రెండో తాళం చెవి, నీ దగ్గరుండేది, ఎక్కడుందక్కా అని అడిగాడు. అడిగేటప్పుడే గొంతు మారింది. కనకలక్ష్మి కనిపెట్టలేదు.

"ఈ పది రోజులూ ఆ గుమ్మం తొక్కను కదా. మంగళవారమే తీసి మీ బావకిచ్చీసేను."

కిందికి వచ్చేసరికి మిషను తన పని ముగించుకుంది. రెండు చిన్న దీపాలూ టపటపలాడుతున్నాయి. హాల్లో ఒక్కొక్కరే హెడ్‌ఫోన్లు ఎత్తి చెవులకు పెట్టుకుంటున్నారు, కీబోర్డుల చప్పుడు వాన పుంజుకున్నట్టు పుంజుకుంది. సాయంత్రంలోగా పని వెళ్ళిపోతుంది. మామూలుగా అయితే లోవరాజు అక్కడే నిలబడి ఆ చప్పుడు కాసేపు వినేవాడు. ఇప్పుడు నేరుగా ప్రిసిల్లా బల్ల దగ్గరికి వెళ్ళి, వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అడిగాడు. పొద్దున గది మొదట తీసింది ఎవరు? తనేనంది. ఏడున్నరకు తీసేసరికే దండ ఉంది, కనకలక్ష్మిగారు వేశారనుకున్నానంది. ఇంకొక్కటే మిగిలింది అడగడానికి.

"దండ సంగతి నాకంటే ముందు ఎవరికైనా చెప్పారా?"

ప్రిసిల్లా చేతులు కీబోర్డు మీద ఆగాయి. మూల బల్ల వైపు చూడకుండా, తెర వైపే చూస్తూ చెప్పింది.

"బాబుగారికి చెప్పిన. పోయిన శుక్రవారం సాయంత్రమే. మీరే మెల్లగా అమ్మగారికి చెప్పండి సార్ అన్న. నేను చూసుకుంటా, ఎవ్వరితో అనకు అన్నరు."

మిషను లోవరాజును మోసం చేయలేదు. ప్రాసెసర్ చిన్నదై కాదు, గురువారం బరువై కాదు. సొంత ఊరివాడు, వరసకు బావ, పనిచేసే మిషనుకు తెలిసి తెలిసి ఊపిరి ఆపి, ఆటో పిలిపిస్తాను తీసుకెళ్ళిపో అన్నాడు. ఎందుకన్నాడో అంతు చిక్కలేదు. పెద్ద పెట్టె కావాలనుకుంటే నోటితో ఒక మాట అంటే పోయేది కదా. తను మాట పట్టింపు మనిషని తెలిసి, ఆ మాటతోనే తనను గెంటేయాలని చూశాడంటే, వెనకాల ఇంకేదో ఉండాలి.

మూల బల్ల దగ్గర రిచర్డ్ లేచి నిలబడి ఉన్నాడు. మిషను మళ్ళీ లేచినందుకు అతని మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది, ఏంటి బ్రదర్ కంప్లెయింట్ అని ఆత్రంగా అడిగాడు. వరహాలబాబు లేవలేదు. ఆర్డరు కాగితం మీద సంతకం సగంలో ఉంది.

"ఏం తేలింది లోవరాజూ?" అన్నాడు.

లోవరాజు న్యూస్‌పేపరు విప్పాడు. బంతిపూల దండ తీసి, సగం సంతకం మీద పెట్టాడు. కీబోర్డులు ఒక్కొక్కటే ఆగాయి.

"బావగారూ, మంగళవారం నుంచి మీకు మైల కదా. ఈ దండ ఎలా ముట్టుకున్నారు?"